మూడు నెలల అద్దె బకాయి ఉంది, ఒకటో తారీఖుకల్లా ఖాళీ చేయమంటున్నారు. ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని ముందు ఒకసారి చెప్పుకుంటాను, నేను పొరబడితే సరిచేయండి. కూకట్‌పల్లి దగ్గర ఇండిపెండెంట్ ఇంట్లో పై పోర్షన్. నెలకు అద్దె 14,000, అడ్వాన్స్ 28,000. మీ వారి ఉద్యోగం ఫిబ్రవరిలో పోయింది. మార్చి, ఏప్రిల్, మే అద్దె కట్టలేదు. మీ టైలరింగ్ మీద నెలకు పది వేల దాకా వస్తోంది. పదకొండు నెలల అగ్రిమెంట్ నిరుడే అయిపోయింది, కొత్తది రాసుకోలేదు. కింద ఉండే ఓనర్ ‘ఒకటో తారీఖుకి ఖాళీ చేయకపోతే తాళం వేసి సామాను రోడ్డు మీద పెడతా’ అన్నారు, నిన్న నీళ్ళ మోటారు వేయనివ్వలేదు. మీ తమ్ముడేమో ‘ఒక్క రూపాయి కట్టొద్దు, కోర్టుకు పోతే ఏళ్ళు పడుతుంది’ అంటున్నాడు.

అద్దె కేసులు ఓనర్ల తరఫునా, అద్దెకున్నవాళ్ళ తరఫునా చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. ఉన్నదున్నట్టు చెప్తాను. ఓనర్ తనంతట తాను ఒకటో తారీఖున మిమ్మల్ని బయటికి పంపలేరు, చట్టం ఒప్పుకోదు. మీ తమ్ముడు చెప్పిన దారి కూడా పట్టకండి. అద్దె కట్టనివాళ్ళను కోర్టు ఎల్లకాలం కాపాడదు, పైగా ఆ బాకీ రోజురోజుకూ పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య మీకు కొంత గడువు దొరుకుతుంది. ఆ గడువులో ఓనర్‌తో రాతపూర్వకంగా ఒక ఏర్పాటుకు రాగలిగితే చాలావరకు గట్టెక్కినట్టే. ఇలాంటి కేసుల్లో అద్దెకున్నవాళ్ళు దెబ్బతినేది బాకీ పడినందుకు కాదు, బాకీ పడ్డాక ముఖం చాటేసినందుకు. ఫోన్ ఎత్తకపోవడం, మెట్ల మీద ఓనర్ కనిపిస్తే తప్పుకుపోవడం, వచ్చిన నోటీసు తీసుకోకపోవడం, ఇవే కొంప ముంచుతాయి.

ముందు తాళం, కరెంటు, నీళ్ళ సంగతి. ఈ క్షణం మీకున్న భయం అదే కాబట్టి.

అద్దె ఎన్ని నెలలు బాకీ ఉన్నా, అగ్రిమెంట్ అయిపోయినా, మీరు ఆ ఇంట్లో ఉంటున్నంత కాలం ఆ ఇల్లు మీ స్వాధీనంలో ఉన్నట్టే. మిమ్మల్ని ఖాళీ చేయించే అధికారం కోర్టుకే ఉంది. డిక్రీ, అంటే కోర్టు తీర్పు, వచ్చాక కూడా దాన్ని అమలు చేసే కోర్టు ఉద్యోగి, అమీనా, వచ్చి స్వాధీనం చేయించాలి తప్ప ఓనర్ తాళం పగలగొట్టకూడదు. అద్దె కింద టీవీ, ఫ్రిజ్, బండి, గ్యాస్ సిలిండర్ పట్టుకునే హక్కు కూడా ఆయనకు లేదు. ఒకవేళ మీరు బయటికి వెళ్ళినప్పుడు తాళం వేసేస్తే, నిర్దిష్ట ఉపశమన చట్టం 1963లోని 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి తీసుకోవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. చట్టప్రకారం కాకుండా మిమ్మల్ని బయటికి నెట్టారా లేదా అన్నదే చూస్తారు. అయితే బయటపడ్డాక తిరిగి లోపలికి రావడం కన్నా బయటపడకుండా చూసుకోవడం చాలా తేలిక. ఈ పది రోజులు ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి. పిల్లల సర్టిఫికెట్లు, ఆధార్ కార్డులు, బంగారం, మందులు, అగ్రిమెంట్ కాపీ ఒక సంచిలో పెట్టి నమ్మకమైన చుట్టాలింట్లో ఉంచండి. ఇంట్లో ప్రతి గదినీ, సామానుతో సహా, ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి.

మోటారు ఆపడం, ఫ్యూజు పీకడం కూడా ఖాళీ చేయించే ఎత్తుగడలే. కరెంటు మౌలిక సదుపాయమని, ఓనర్ ఒప్పుకోలేదన్న కారణంతో అద్దెకున్నవాళ్ళకు దాన్ని కాదనకూడదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. నీళ్ళు ఆపిన రోజు, టైము రాసుకోండి. ఖాళీ ట్యాంకు, ఆపేసిన స్విచ్ ఫోటో తీసుకోండి. మళ్ళీ ఆపితే, లేదా తాళం వేస్తానని ఇంకోసారి అంటే పోలీస్ స్టేషన్‌లో కాగితం మీద ఫిర్యాదు ఇవ్వండి. అక్కడ ఎక్కువగా వినిపించే మాట ‘ఇది సివిల్ మ్యాటర్ అమ్మా, కోర్టుకు వెళ్ళండి’. అద్దె బాకీ సివిల్ వ్యవహారమే, పోలీసులు దాన్ని తేల్చకూడదు. కానీ బలవంతంగా ఇంట్లోకి రావడం, సామాను బయట పడేయడం, మిమ్మల్ని మీ ఇంట్లోకి పోనివ్వకపోవడం నేరాలు. కాబట్టి ఫిర్యాదులో అద్దె గొడవ రాయకండి. ‘ఫలానా తేదీన తాళం వేస్తామని బెదిరించారు, ఫలానా తేదీన నీళ్ళు ఆపారు, చట్టం ప్రకారం తప్ప మమ్మల్ని బలవంతంగా ఖాళీ చేయించకుండా రక్షణ కల్పించండి’ అని నాలుగు లైన్లు చాలు. కాపీ మీద ముద్ర, సంతకం అడిగి తీసుకోండి. ఇవ్వనంటే అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. నిజంగా తాళం వేయడానికి మనుషుల్ని తెచ్చిన రోజున 100కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి, వాదనకు దిగకండి.

చట్టం విషయంలో చాలామంది తికమకపడేది ఇక్కడే. తెలంగాణలో అద్దె ఇళ్ళకు రెండు దారులున్నాయి. ఒకటి 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం. ఇందులో అద్దె తగాదాలు తేల్చే అధికారి, రెంట్ కంట్రోలర్, ఉంటారు, ఖాళీ చేయించాలంటే చట్టంలో రాసిన కారణాలే చూపాలి. ఉద్దేశపూర్వకంగా ఎగ్గొట్టలేదని నమ్మితే బాకీ కట్టుకోవడానికి ఆయన పదిహేను రోజుల దాకా గడువిచ్చి, కడితే ఓనర్ పిటిషన్ కొట్టేయవచ్చు. ఓనర్ దగ్గర అడ్వాన్స్ డబ్బు ఉండగా అద్దె ఎగ్గొట్టినట్టు ఎలా అవుతుందన్న వాదన కూడా ఈ చట్టం కింద నిలబడింది. గూడూరులోని మోడర్న్ హోటల్ కేసులో 1989లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అదే. మీకు ఎవరైనా ఈ తీర్పు చెప్పి ధైర్యం చెబితే, అది మీ ఇంటికి నేరుగా వర్తించదని గుర్తుంచుకోండి. ఎందుకంటే 2005 సవరణ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 దాటిన అద్దెలకూ, కట్టి పదిహేనేళ్ళు నిండని ఇళ్ళకూ ఆ చట్టం వర్తించదు. ఇవాళ హైదరాబాద్‌లో 3,500కి గది కూడా దొరకదు. కాబట్టి మీలాంటి వాళ్ళంతా రెండో దారిలోకే వస్తారు.

ఆ రెండోది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అగ్రిమెంట్ గడువు అయిపోయాక కూడా ఓనర్ అద్దె తీసుకుంటూ వచ్చారు కాబట్టి మీది నెలనెలా సాగే అద్దె కింద లెక్క. ‘అగ్రిమెంట్ లేదు, మీకు హక్కే లేదు’ అన్న మాటకు బెదరకండి. నెలనెలా సాగే అద్దెను ఆపాలంటే ఓనర్ రాతలో, సంతకంతో, పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. అది 106వ సెక్షన్. మెట్ల దగ్గర నిలబడి అరిచింది నోటీసు కాదు. నోటీసు గడువు తీరాక కూడా మీరు కదలకపోతే ఆయన సివిల్ కోర్టులో దావా వేయాలి. ఇక్కడ ఓనర్‌కు కారణం చూపాల్సిన పని లేదు, నోటీసు సరిగా ఇస్తే చాలు. మీ బలం తక్కువ ఉన్నది ఈ విషయంలోనే, ఇది దాచి లాభం లేదు. నోటీసులో పదిహేను బదులు పది రోజులే ఇచ్చారు కాబట్టి చెల్లదన్న పాత వాదన కూడా 2002 సవరణతో దాదాపు పోయింది. దావా వేసేనాటికి పదిహేను రోజులు గడిచి ఉంటే కోర్టు పట్టించుకోదు.

ఇది చదివే ఆంధ్రప్రదేశ్ వాళ్ళకు ఒక మాట. మీ రాష్ట్రంలో 2017లో విడిగా అద్దె చట్టం చేశారు. పైన చెప్పిన సెక్షన్లు, అధికారులు అక్కడ యథాతథంగా వర్తించవు, స్థానిక న్యాయవాదిని అడగండి. కేంద్రం 2021లో ఆమోదించిన మోడల్ అద్దె చట్టం గురించి వీడియోల్లో రెండు నెలల అడ్వాన్స్ పరిమితి అనీ, ఇంకేదో అనీ చెప్తుంటారు. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప అది ఎక్కడా అమలు కాదు. కరోనా అప్పుడు, 2020లో, మూడు నెలల అద్దె అడగొద్దని తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఆదేశం కూడా ఆ కాలానికే.

ఇప్పుడు అసలు పని. మీరూ మీ వారూ ఈ రాత్రి కూర్చుని ఒక్క విషయం తేల్చుకోండి: ఈ ఇల్లు నిలబెట్టుకోవాలా, దిగిపోవాలా? మీ ఆదాయం పది వేలు, అద్దె 14,000. ఒకటి రెండు నెలల్లో ఉద్యోగం ఖాయమని ఆఫర్ లెటర్ లాంటిది చేతిలో ఉంటే నిలబెట్టుకోవడానికి ప్రయత్నించండి. లేకపోతే దిగిపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఏడు ఎనిమిది వేలలో సింగిల్ బెడ్‌రూమ్ చూసుకుంటే మీ సంపాదనతోనే ఊపిరి తీసుకోవచ్చు. ఈ మాట వినడానికి కష్టంగా ఉంటుంది, పిల్లల బడి అక్కడే ఉందని రాశారు కూడా. కానీ కదలకుండా కూర్చుంటే ప్రతి నెలా మీ నెత్తిన ఇంకో 14,000 పడుతుంది. ఆ ఇంటి కోసం చేసిన అప్పు ఆ ఇల్లు వదిలాక కూడా మీ వెంటే వస్తుంది.

లెక్క వేసి చూడండి. ఇవాళ్టికి బాకీ 42,000. జూన్ నెలాఖరుకు దిగిపోతే 56,000. అడ్వాన్స్ 28,000 సర్దితే మిగిలేది 28,000. ఈ వారంలో ఓ 5,000 పంపితే 23,000. ఇది ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోగలిగిన అంకె. అదే మీ తమ్ముడి మాట విని ఏడాది కట్టకుండా కూర్చుంటే లక్షన్నర పైన, దాని మీద వడ్డీ, కోర్టు ఖర్చులు. నోటీసుతో అద్దె ఒప్పందం రద్దయ్యాక ఆ ఇంట్లో ఉన్న కాలానికి కోర్టు మార్కెట్ అద్దె లెక్కన నష్టపరిహారం కట్టమనవచ్చు. అది 14,000 కన్నా ఎక్కువ కూడా కావచ్చు.

అడ్వాన్స్‌ను బాకీలో సర్దుకోవడం మీ ఇష్టం ఒక్కటే సరిపోయే విషయం కాదు. అగ్రిమెంట్‌లో సాధారణంగా ‘ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇవ్వబడును’ అని ఉంటుంది, పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటామని కూడా ఉండొచ్చు. కాబట్టి సర్దుబాటుకు ఓనర్ ఒప్పుకున్నట్టు రాతలో ఉండాలి. పెయింటింగ్ పట్టుకుంటారో లేదో కూడా ఇప్పుడే అడిగి తేల్చుకోండి. తాళం చెవి ఇచ్చే రోజున అడిగితే గొడవే.

రేపు పొద్దున ఓనర్‌తో మాట్లాడండి. మీ వారు కూడా పక్కన ఉండాలి. ఉద్యోగం పోయిన మనిషికి ఓనర్ ఎదుట నిలబడటం ఎంత నామోషీగా ఉంటుందో నాకు అర్థమవుతుంది. అయినా ఆయన రాకపోతే ఓనర్‌కు ‘వీళ్ళు తప్పించుకుంటున్నారు’ అన్న అనుమానమే గట్టిపడుతుంది. ఇంకొకటి, మీ ఓనర్ రిటైర్ అయ్యారని రాశారు. ఇలాంటి వాళ్ళలో చాలామందికి పైపోర్షన్ అద్దె మీదే మందులు, ఇంటి లోను ఈఎంఐ నడుస్తాయి. కోపం వెనక ఆ టెన్షన్ ఉంటుంది. ఆయన కూడా కోర్టుకు వెళ్ళాలంటే కోర్టు ఫీజు, వకీలు ఫీజు పెట్టుకోవాలి, వాయిదాలకు తిరగాలి. ఫలానా తేదీకి ఇల్లు చేతికి వస్తుందని గానీ, ఫలానా తేదీలకు డబ్బు వస్తుందని గానీ నమ్మకం కలిగితే చాలామంది ఓనర్లు దిగివస్తారు. ఆ నమ్మకం కలగాలంటే చేతిలో కొంత డబ్బు పెట్టి మాట్లాడాలి. ఐదు వేలైనా సరే. వట్టి చేతులతో వెళ్ళి ‘వచ్చే నెల చూస్తాం సార్’ అంటే ఆయన ఆ మాట మూడు నెలలుగా వింటూనే ఉన్నారు.

మాట్లాడి పైకి రాగానే, అదే రోజు, వాట్సాప్‌లో పెట్టండి. దిగిపోవడానికైతే ఇలా:

‘సార్, పొద్దున మాట్లాడినట్టు మార్చి, ఏప్రిల్, మే అద్దె కలిపి 42,000 మేం కట్టాలి. ఈరోజు 5,000 ఫోన్‌పే చేశాను, అది మార్చి అద్దె కింద. జూన్ 30కల్లా ఇల్లు ఖాళీ చేసి తాళాలు మీకు అప్పగిస్తాం. జూన్ అద్దె 14,000 కూడా కలుపుకుని, మీ దగ్గరున్న మా అడ్వాన్స్ 28,000 బాకీలో సర్దుకోగా మిగిలిన 23,000 జూలై నుంచి నెలకు 4,000 చొప్పున 10వ తారీఖులోపు కడతాం. అప్పటిదాకా నీళ్ళు, కరెంటు ఎప్పటిలాగే ఉండాలని కోరుతున్నాం. సరే అయితే సరేనని రాయండి.’

ఇల్లు నిలబెట్టుకోదలిస్తే రెండో సగం మార్చండి: జూన్ నుంచి ఏ నెల అద్దె ఆ నెల, దానితో పాటు పాత బాకీలో నెలకు ఇంత అని. మీరు కట్టగలిగిన అంకెకు కాస్త తక్కువే రాయండి. ఆరు వేలని రాసి రెండో నెలే తప్పడం కన్నా, నాలుగు వేలని రాసి ప్రతి నెలా కట్టడం మేలు. ఆయన ‘సరే’ అని ఒక్క ముక్క రాసినా అది మీకు పెద్ద ఆధారం. రాయకపోయినా మీరు దాక్కోలేదని, కట్టే ఉద్దేశం ఉందని ఆ మెసేజ్ చూపిస్తుంది. మీరు బాకీ ఒప్పుకున్నట్టు కూడా అదే చూపిస్తుంది కదా అని ఎవరైనా భయపెట్టవచ్చు. ఉన్న బాకీ ఒప్పుకోవడం వల్ల మీకు పోయేదేమీ లేదు. అంకె సరిగ్గా ఉందో లేదో మాత్రం చూసుకోండి.

డబ్బు ఎప్పుడిచ్చినా యూపీఐలోనో బ్యాంకు ద్వారానో ఇవ్వండి, నోట్‌లో ‘మార్చి అద్దెలో కొంత’ అని రాయండి. ఏ నెల కింద కడుతున్నదీ చెప్పే హక్కు కట్టేవాళ్ళకు ఉంటుంది. చెప్పకపోతే తీసుకున్నవాళ్ళు తమకు నచ్చిన లెక్కలో వేసుకుంటారు. నగదే కావాలంటే ఇవ్వండి, కానీ వెంటనే ‘ఇప్పుడు మీ చేతికి 5,000 ఇచ్చాను సార్, మార్చి అద్దె కింద’ అని మెసేజ్ పెట్టండి.

ఈ దశలో ఒక ప్రమాదం ఉంది. ‘సరే, ఉండండి, కానీ ఒక ప్రోనోటు రాసివ్వండి’ అంటారు. లేదా తేదీ వేయని చెక్కులు అడుగుతారు. ఖాళీ ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టించుకోవడం మన దగ్గర మామూలైపోయింది. మీరు సంతకం చేసిన మరుక్షణం అద్దె బాకీ కాస్తా చేబదులు అప్పుగా మారిపోతుంది, నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం, దాని మీద పడుతుంది. అంకె ఎంత రాసుకుంటారో మీ చేతిలో ఉండదు. చెక్కు ఇంకా ప్రమాదం. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగివస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు అవుతుంది. అద్దె బాకీ నేరం కాదు, చెల్లని చెక్కుకు శిక్ష పడవచ్చు. వీటికి ఎంత ఒత్తిడి చేసినా ఒప్పుకోకండి. ‘రాతలో అన్నీ ఉన్నాయి కదా సార్, ఇద్దరం సంతకాలు పెడదాం’ అని మామూలు కాగితం మీద పైన చెప్పిన విషయాలే రాసి ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించండి.

డబ్బు ఎక్కడి నుంచి అన్నది మీకు నాకన్నా బాగా తెలుసు. బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకోవడం, మీ వారి పీఎఫ్‌లో ఉద్యోగం పోయినవాళ్ళు తీసుకోగలిగినంత తీసుకోవడం, పాత కంపెనీ నుంచి రావాల్సిన బకాయి జీతం, గ్రాట్యుటీ ఏమైనా ఉంటే గట్టిగా అడగడం, ఇవి చూడండి. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి మాత్రం దయచేసి పోకండి. ఓనర్ ఒక్కరితో మాట పడటం వేరు, మీ ఫోన్‌లో ఉన్న అందరికీ మెసేజ్‌లు వెళ్ళడం వేరు.

ఒకవేళ ఓనర్ ఏ మాటకూ ఒప్పుకోక వకీలు నోటీసు పంపితే ఆ కవరు తీసుకోండి. ఇది మరీ మరీ చెప్తున్నాను. పోస్ట్‌మ్యాన్ రిజిస్టర్డ్ కవరు తెచ్చి సంతకం అడిగితే ‘మేం తీసుకోం’ అని తలుపు వేసుకునేవాళ్ళను ఎందరినో చూశాను. అతను కవరు మీద ‘తీసుకోవడానికి నిరాకరించారు’ అని రాసి తేదీ వేసి తిప్పి పంపుతాడు. ఆ కవరు విప్పకుండానే కోర్టులో దాఖలవుతుంది, నోటీసు మీకు అందినట్టే లెక్క. లోపల ఏముందో తెలియనిది మీకొక్కరికే. తీసుకోండి, కవరు కూడా పారేయకండి, అందిన తేదీ దాని మీద రాయండి, గడువులోపు జవాబు ఇప్పించండి. జవాబులో మీరు కట్టిన మొత్తాలు, అడ్వాన్స్, పంపిన ప్రతిపాదన, నీళ్ళు ఆపిన తేదీలు ఉండాలి. నోటీసు గడువు అయ్యాక కూడా ఓనర్ ఆ తర్వాతి నెలల అద్దె తీసుకుంటే నోటీసు వదులుకున్నట్టే అని వాదించే వీలుంటుంది. అందుకని అప్పుడు కూడా ప్రతి నెలా అద్దె పంపుతూనే ఉండండి.

దావా పడితే సమన్లు వస్తాయి. అందిన ముప్పై రోజుల్లో జవాబు దావా వేయాలి, కోర్టు అనుమతిస్తే తొంభై రోజుల దాకా. ఓనరు వేసిన ఇలాంటి దావాల్లో మీరు ఒప్పుకుంటున్న బాకీని జవాబుతో పాటు కోర్టులో జమ చేయాలి, ఆ తర్వాత నెలనెలా జమ చేస్తూ ఉండాలి. లేకపోతే మీ వాదనే వినకుండా కొట్టేయవచ్చు. ‘కోర్టుకు పోతే కట్టక్కర్లేదు’ అనేవాళ్ళు చెప్పని సంగతి ఇదే. వాయిదాకు పోకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీరు లేకుండానే ఇచ్చే తీర్పు, వస్తుంది. అది వచ్చిందని తెలిసేది కూడా ఒక్కోసారి అమీనా గుమ్మంలో నిలబడ్డాకే. అలా జరిగినా ముప్పై రోజుల్లో దాన్ని రద్దు చేయమని అడగవచ్చు, కానీ సమన్లు తీసుకోనివాళ్ళ మాట అప్పటికి ఎవరూ నమ్మరు. ఇక అద్దె కట్టకపోతే రద్దు అన్న అగ్రిమెంట్ షరతు మీదే ఒప్పందం రద్దు చేశారంటే, విచారణలో మొత్తం బాకీ, వడ్డీ, ఖర్చులు కట్టేస్తే ఇల్లు నిలబెట్టే అధికారం ఆస్తి బదిలీ చట్టం 114వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. మామూలు పదిహేను రోజుల నోటీసు కేసుల్లో ఆ వెసులుబాటు దొరకదు. అక్కడ మీరు అడగగలిగింది ఖాళీ చేయడానికి కొంత గడువు. ఫలానా తేదీకి వెళ్ళిపోతామని కోర్టుకు హామీ రాసిస్తే, పిల్లల పరీక్షలు, జబ్బులు లాంటి కారణాలు చూసి గడువు ఇవ్వడం నేను చాలాసార్లు చూశాను.

అక్కడిదాకా పోకుండా ఆపగలిగే చోటు న్యాయ సేవాధికార సంస్థ. మీ ప్రాంతపు కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది. ఆదాయం ఎంతైనా సరే, మహిళలకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, ఆదాయ పరిమితికి లోబడినవాళ్ళకు కూడా. కాబట్టి దరఖాస్తు మీ పేరు మీద పెట్టండి, అగ్రిమెంట్ మీ వారి పేరు మీద ఉన్నా మీరు అక్కడ ఉంటున్నారు, బెదిరింపు మీకూ జరిగింది. 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. దావా వేయకముందే ఓనర్‌ను పిలిపించి లోక్ అదాలత్‌లో మాట్లాడించమని అడగండి. అక్కడ రాజీ కుదిరితే ఇచ్చే అవార్డుకు కోర్టు డిక్రీకి ఉన్న విలువే ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. ఇంటి ఓనర్లు కూడా పోలీస్ స్టేషన్ పంచాయితీ కన్నా అక్కడ మెత్తగా మాట్లాడతారు, జడ్జి గారి ముందు కూర్చోవడం వల్ల కావచ్చు. ఒక్క జాగ్రత్త: అవార్డులో రాసిన తేదీ, అంకె మీరు నిజంగా నిలబెట్టుకోగలిగినవై ఉండాలి. తప్పితే ఓనర్ మళ్ళీ దావా వేయక్కర్లేదు, నేరుగా అమలుకు వెళ్ళవచ్చు.

వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళాల్సినవి: అగ్రిమెంట్ కాపీ, అడ్వాన్స్ ఇచ్చిన ఆధారం, ఏడాదిగా కట్టిన అద్దెల బ్యాంకు స్టేట్‌మెంట్, ఉద్యోగం పోయినట్టు కంపెనీ ఇచ్చిన మెయిల్ గానీ లెటర్ గానీ, ఓనర్‌కు పెట్టిన మెసేజ్‌ల ప్రింట్లు, నీళ్ళు ఆపిన రోజు ఫోటోలు, మీ ఆధార్. అడ్వాన్స్ నగదుగా ఇచ్చి రసీదు తీసుకోలేదని రాశారు. అగ్రిమెంట్‌లో ఆ 28,000 ప్రస్తావన ఉందేమో చూడండి, ఉంటే అదే రసీదు. లేకపోతే నేను పైన రాసిచ్చిన మెసేజ్‌లో అడ్వాన్స్ అంకె తప్పకుండా ఉంచండి. దానికి ఆయన ‘సరే’ అన్నా చాలు, కాదనకపోయినా కొంత పనికొస్తుంది.

ఇల్లు దిగే రోజున తొందరపడకండి. డీసీఎం వ్యానులోకి సామాను ఎక్కాక, ఓనర్‌తో కలిసి గదులన్నీ తిరిగి గోడలు, కుళాయిలు, స్విచ్‌లు, గీజరు చూపించి వీడియో తీయండి. కరెంటు మీటర్ రీడింగ్ ఫోటో తీయండి, ఆ నెల బిల్లు అక్కడికక్కడే లెక్క చూసుకోండి. తాళాలు చేతిలో పెట్టే ముందు రెండు కాపీల కాగితం మీద ఇవి ఉండాలి: ఖాళీ చేసిన తేదీ, ఎన్ని తాళం చెవులు ఇచ్చారో, అడ్వాన్స్ ఎంత సర్దుకున్నారో, ఇంకా ఎంత మిగిలిందో, అది ఎప్పటిలోపు కడతారో, ఇంతకు మించి ఒకరికొకరు బాకీ లేరని. ఇద్దరి సంతకాలు. అద్దె బాకీ కోసం మూడేళ్ళ దాకా దావా వేయవచ్చు కాబట్టి ఆ కాగితాన్ని, కిస్తీలు కట్టిన ఆధారాలను అన్నాళ్ళూ దాచండి. కొత్త ఇంట్లో అడ్వాన్స్‌కు రసీదు తీసుకోండి, ఆధార్‌లో, గ్యాస్ కనెక్షన్‌లో, పిల్లల బడిలో అడ్రస్ మార్పించండి. పాత అడ్రస్‌కు వచ్చే కోర్టు కాగితం ఏదైనా మీకు తెలియకుండా పోకూడదు కాబట్టి, కొత్త అడ్రస్ ఓనర్‌కు కూడా మెసేజ్‌లో పంపండి.

అగ్రిమెంట్‌లో అద్దె కట్టకపోతే ఏం చేస్తామన్న పేరా ఒకటి ఉంటుంది, దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తే 114 మీకు పనికొస్తుందో లేదో చెప్తాను. ఓనర్ పేరు, ఇంటి నంబరు మాత్రం పెట్టకండి.